కుదరని బండి: నెల్లూరు షెడ్డు నుంచి ఒక కేస్ స్టడీ

ఒకే బండి ఒకే కంప్లెయింటుతో మళ్ళీ మళ్ళీ వస్తుంటే మన మెకానిక్కులు సాధారణంగా రెండు దారుల్లో ఒకటి పడతారు. పార్టు మార్చేస్తారు, లేకపోతే కస్టమర్‌కి అనుమానం జబ్బు అని సర్దిచెప్పి పంపేస్తారు. ఈ బండి మా షెడ్డుకి రాకముందే రెండూ జరిగిపోయాయి. అయినా కంప్లెయింటు పోలేదు. మా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్ళకి చెప్పుకుంటూ వచ్చిన కేసును ఇప్పుడు రాసి పెడుతున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. బండి కంపెనీ పేరు కూడా రాయడం లేదు, ఎందుకంటే తయారీలో లోపమేమీ లేదు.

నేపథ్యం

ముప్ఫై లోపు కుర్రాడు. రొయ్యల మేత కంపెనీకి ఫీల్డు పని. నెల్లూరుకు తూర్పున ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు గుంటలన్నీ తిరగాలి. మేత ఎంత తింటున్నాయో చెక్ ట్రేలు చూడటం, నీళ్ళు పరీక్ష చేయడం, అప్పుడప్పుడూ అత్యవసరంగా ఒక మేత బస్తా వెనక కట్టుకుని పోవడం. బస్తా 25 కిలోలు. తెల్లవారుజామున గుంటలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, రైతులు ఫోన్ చేసేది ఆ వేళకే. అంటే చీకట్లో, మంచు పట్టిన గట్ల మీద బండి నడపాలి. రోజుకు డెబ్బై ఎనభై కిలోమీటర్లు. అందులో మంచి తారు రోడ్డు సగానికి కాస్త ఎక్కువ. మిగతాది డొంకలు, కాలవ కట్టలు, గుంటల గట్లు.

మనిషి ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు. బక్కపలచన. బండి 350 సీసీ, సీటు ఎత్తు 800 మిల్లీమీటర్ల పైన, బరువు 195 కిలోల దాకా. అంతకుముందు వాళ్ళ నాన్న వాడిన పాత వంద సీసీ బండి ఉండేది. ఈ బండి డౌన్ పేమెంటు కువైట్‌లో ఉన్న అన్న పంపాడు, మిగతాది లోను. షోరూం ముందు పూలదండ వేసి తీసిన ఫోటో అన్న వాట్సాప్ డీపీగా ఉండేది. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ముందే తెలిసుంటే కొన్ని ప్రశ్నలు వేరేగా అడిగేవాణ్ణి.

వచ్చిన కంప్లెయింటు

మొదటిసారి వచ్చినప్పుడు నాలుగు చెప్పాడు. "క్లచ్ గట్టిగా ఉండాదన్నా, న్యూట్రల్ పడదు. ఆపేటప్పుడు ఎడంపక్కకి లాగతా ఉండాది. వెనక బ్రేకు ప్యాడ్లు ఊరికే అరిగిపోతా ఉండాయి. స్లోగా పోతుంటే ఆఫ్ అయిపోతా ఉండాది."

అంతకుముందు చూసినవాళ్ళు ఏం చేశారో అడిగాను. ఎడమకు లాగుతోందని హ్యాండిల్ కింద కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) మార్చారు. ఆఫ్ అవుతోందని ఐడిలింగ్ చూసి, ఇంజెక్టర్ క్లీన్ చేశారు. వెనక ప్యాడ్లు మార్చారు. క్లచ్ కేబుల్ కొత్తది వేసి, బాగా లూజు పెట్టారు. ఆఖరికి ఒకచోట, బండి బాగానే ఉంది, నీకే చేతకావడం లేదు అన్నారట. ఆ మాట చెప్పేటప్పుడు నవ్వాడు గానీ, ఆ తర్వాత ఏం అడిగినా "బండిలోనే ఉందన్నా" అనే పట్టుబట్టాడు.

నేను ట్రయల్ తీశాను. నా ఎత్తుకి ఆ బండి సరిపోతుంది. ఎడమకు లాగలేదు, ఆఫ్ కాలేదు. న్యూట్రల్ మాత్రం నిజంగానే పట్టి పట్టి పడింది. టైర్ల గాలి, చక్రాల వరస, ముందు ఫోర్కులు చూశాను, తేడా లేదు. కొత్త కోన్ సెట్ కూడా సరిగానే బిగించారు.

క్లచ్ విప్పాం. 11 వేల కిలోమీటర్లకే ఫ్రిక్షన్ ప్లేట్లు లిమిట్ దాటి అరిగి ఉన్నాయి. స్టీలు ప్లేట్ల మీద నీలం మచ్చలు. ఆయిల్‌లో కాలిన వాసన. అంటే సగం పట్టిన క్లచ్ మీద చాలాసేపు, చాలాసార్లు నడిచింది. ప్లేట్లు మార్చేసి డబ్బు తీసుకుంటే ఇంకొన్నాళ్ళ దాకా గొడవ లేదు. కానీ ప్లేట్లు ఎందుకు కాలాయో తెలియకుండా కొత్తవి వేస్తే అవీ కాలతాయి. పైగా నాలుగు కంప్లెయింట్లలో మూడు నేను నడిపితే కనపడటం లేదు, అతను నడిపితే కనపడుతున్నాయి. అలాంటప్పుడు పరీక్ష చేయాల్సింది బండీ మనిషీ కలిసి ఉన్నప్పుడు.

బండి చుట్టూ తిరిగి చూస్తే

విప్పడానికి ముందు ఐదు నిమిషాలు ఊరికే చూడమని కుర్రాళ్ళకి చెబుతుంటాను. ఈ బండి మీద అన్ని దెబ్బలూ ఎడమ పక్కే. క్లచ్ లివర్ చివరి గుండు, ఎడమ ఫుట్‌రెస్ట్ అంచు, ఎడమ ఇండికేటర్, లెగ్ గార్డు ఎడమ మూల. స్పీడులో జారి పడితే పొడవాటి గీతలు పడతాయి, నేల ఇసుకతో గీరినట్టు. ఇక్కడ గీతలు లేవు, సొట్టలు ఉన్నాయి. నిలబడి ఉన్న బండి, లేదా ఆగుతున్న బండి, పక్కకు ఒరిగి పడితే అయ్యే గుర్తులవి. ఎడమ అద్దం కొత్తది, కుడి అద్దం బండితో వచ్చింది.

తర్వాత అతని బూట్లు చూశాను. ఎడమ బూటు బొటనవేలి దగ్గర సోలు అరిగి లోపలి గుడ్డ కనిపిస్తోంది. మడమ మాత్రం అరగలేదు. కుడి బూటు మామూలుగా ఉంది.

అప్పుడు నడపమన్నాను. నేను ఇంకో బండి మీద వెనకే వెళ్ళాను. గాంధీబొమ్మ సెంటర్ వైపు నుంచి ఆత్మకూరు బస్టాండు అండర్ బ్రిడ్జి మీదుగా పోదామంటే, అటు ట్రాఫిక్ అని చుట్టు తిరిగే దారి పట్టాడు. ఆ వేళ ట్రాఫిక్ ఏమీ లేదు. అండర్ బ్రిడ్జి ఎక్కుడులో ఆగాల్సి వస్తే ఏమవుతుందో అతనికి తెలుసు, నాకు అప్పుడే అర్థమైంది.

ఒక స్టాప్ ఎలా జరుగుతోందో దగ్గర్నుంచి చూస్తే విషయం మొత్తం బయటపడింది. ఆగాల్సిన చోటుకి ఇరవై ముప్ఫై అడుగుల ముందే ఒంటిని సీటు మీద ఎడమకు జరిపేస్తాడు. ఎడమ కాలు ఫుట్‌రెస్ట్ మీద నుంచి తీసి, నేలకు అందుతుందా లేదా అని వేళ్ళతో వెతుకుతూ ఉంటాడు. ఒళ్ళు ఎడమకు ఒరిగేసరికి బండి అటు వాలుతుంది, నెమ్మది స్పీడులో వాలిన వైపే హ్యాండిల్ తిరుగుతుంది. 'ఎడమకు లాగడం' అంటే ఇదే. హ్యాండిల్ తిరిగి ఉండగా ముందు బ్రేకు పడితే బండి టక్కున పడిపోతుందని ఒకసారి అనుభవమైంది కాబట్టి ముందు బ్రేకు ముట్టుకోడు. మొత్తం భారం వెనక బ్రేకు మీద. ప్యాడ్లు అందుకే అరిగాయి. పూర్తిగా ఆగితే కాలు గట్టిగా ఆనదు కాబట్టి ఆగకుండా పాకుతూ పోవడానికి క్లచ్ సగం పట్టి ఉంచుతాడు. ప్లేట్లు అందుకే కాలాయి. అతని వేళ్ళు చిన్నవి, లివర్ దూరం, చివరి కణుపులతోనే పట్టుకుంటున్నాడు. పైగా కేబుల్ లూజు పెట్టడంతో లివర్ మొత్తం నొక్కినా క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదు. న్యూట్రల్ పడకపోవడానికీ, స్లోలో ఆఫ్ అవడానికీ అదే కారణం.

కేబుల్ లూజు పక్కన పెడితే, మిగతా అన్నిటికీ మూలం ఒకటే. కాలు అందడం లేదు.

కొలతలు

ఇది నోటితో చెబితే "నువ్వు పొట్టిగా ఉన్నావు" అన్నట్టుంటుంది. ఇదివరకు ఒకరు అని పంపేశారు కూడా. అందుకే టేపు తీశాను. గోడకు ఆనుకుని, చెప్పుల్లేకుండా నిలబడి, కాళ్ళ మధ్య గట్టి అట్ట పుస్తకం పైకి ఆనించి పట్టుకుంటే, పుస్తకం పై అంచు నుంచి నేలదాకా కొలత తీయాలి. అతనిది 740 మిల్లీమీటర్లు కూడా లేదు. బూటుతో ఇంకో 20 కలుపుకోవచ్చు. మనిషి కూర్చుంటే షాక్‌అబ్జార్బర్లు కొంచెం దిగుతాయి, అదీ కలుపుకోవచ్చు. అయినా సీటు వెడల్పు ఉంది కదా. కాలు నిలువుగా దిగదు, ముందు తొడ బయటికి పోయి తర్వాత కిందికి దిగాలి.

ఇక్కడ ఒక లెక్క అందరికీ ఆశ్చర్యంగా ఉంటుంది. మన జిల్లాలో ఇంటింటికీ కనపడే స్ప్లెండర్ ప్లస్ సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు. కాగితం మీద చూస్తే ఈ 350 బండికీ దానికీ తేడా వేలెడు కూడా లేదు. అయినా ఇదే కుర్రాడు స్ప్లెండర్ మీద రెండు పాదాలూ దాదాపు పూర్తిగా ఆనిస్తాడు. ఆ సీటు సన్నం, ట్యాంకు దగ్గర ఇంకా సన్నం. బరువు 112 కిలోలు. ఒకే కోణంలో రెండు బండ్లూ ఒరిగితే, బరువు లెక్క ఒక్కటే తీసుకున్నా, 195 కిలోలదాన్ని నిలపడానికి దాదాపు ఒకటీ ముప్పావు రెట్లు బలం కావాలి. అది కూడా వేళ్ళ మీద నిలబడి.

ఇంకోటి రోడ్డు. నీళ్ళు పోవడానికి తారు రోడ్డుకు మధ్య నుంచి అంచుకు నూటికి 2, 2.5 వాలు ఇస్తారు. మనం ఎడమ పక్క నడుపుతాం, ఎడమ కాలు దించుతాం, కుడి కాలు బ్రేకు మీద ఉండాలి. అంటే ఏ కాలు దించుతామో ఆ పక్కే నేల ఇంకాస్త కింద ఉంటుంది. ఒక సెంటీమీటరే కావచ్చు. పాదం ఆనేవాడికి అది లెక్కలోకి రాదు. వేళ్ళు మాత్రమే ఆనేవాడికి ఆ సెంటీమీటరే అందడానికీ అందకపోవడానికీ తేడా. రోడ్డు అంచు విరిగిన చోట ఇక చెప్పక్కర్లేదు.

షోరూంలో ఇవేవీ కనపడవు. నున్నటి టైల్స్ మీద, సెంటర్ స్టాండు వేసిన బండి ఎక్కి కూర్చుంటే ఎవరికైనా హాయిగానే ఉంటుంది. తర్వాత ఇచ్చే టెస్ట్ రైడు మెయిన్ రోడ్డు మీద, మూడో నాలుగో గేర్లో. బండి కదులుతున్నంతసేపు బరువు తెలియదు.

ఏం చేశాం, ఏది ఎంతవరకు పనిచేసింది

బండి మార్చుకో అని మొదటి రోజే చెప్పొచ్చు. చెప్పలేదు. కొని ఎంతో కాలం కాలేదు, లోను నడుస్తోంది, పైగా అతను ఆ మాట వినే స్థితిలో లేడు. మార్పులు చేయాలంటే వెనక్కి తిప్పుకోగలిగినవి ముందు, తిప్పుకోలేనివి ఆఖర్న. ఖర్చు తక్కువవి ముందు. ఆ వరసలోనే పోయాం.

క్లచ్ ప్లేట్లు కొత్తవి వేశాం. కేబుల్ సరైన లూజుకి తెచ్చాం. హ్యాండిల్ బార్ క్లాంపులు వదులు చేసి కొద్దిగా వెనక్కి తిప్పి, లివర్ కోణం అతని మణికట్టుకి సరిపోయేలా కిందికి దించాం. దీనికి ఖర్చు లేదు, అరగంట పని. న్యూట్రల్ సమస్య ఆ రోజే పోయింది. నిజంగా బండిలో ఉన్న లోపం అదొక్కటే.

తర్వాత సీటు. సీటు కవర్లు కుట్టే ఆయన దగ్గర కూర్చోబెట్టి, ట్యాంకు వైపు కొసను రెండు పక్కలా సన్నం చేయించాం, పైన ఒక అంగుళం లోపు కోయించాం. అసలు సీటు దాచిపెట్టి, పాత సీటు ఒకటి సంపాదించి కోత దాని మీద చేయించాను. ఎత్తు తగ్గించడం కంటే వెడల్పు తగ్గించడమే ఎక్కువ ఉపయోగపడింది. వేళ్ళ మీద నిలబడేవాడు పాదం ముందు భాగం ఆనించగలిగాడు. కానీ కుషన్ పలచబడింది. డెబ్బై కిలోమీటర్లు తిరిగొచ్చేసరికి కింద రేకు తగులుతోందన్నాడు. గట్టి ఫోమ్ వేయిస్తే రేకు తగలడం పోయింది, నడుం నొప్పి వచ్చింది.

మూడోది నడపడం. ఖాళీ లేఅవుట్లో ఆదివారాలు ఉదయం ప్రాక్టీసు పెట్టాం. చూపు ముందుకు, హ్యాండిల్ నేరుగా, రెండు బ్రేకులూ కలిపి, బండి పూర్తిగా ఆగే క్షణంలోనే కాలు కిందికి. ముందే జరగకూడదు. చెప్పుకోవాలంటే ఇదే బాగా పనిచేసింది, తారు రోడ్డు మీద. వెనక ప్యాడ్ల అరుగుదల తగ్గింది. ఇదే ఎత్తున్నవాళ్ళు ఇదే బండిని హైవే మీద దిలాసాగా నడపడం నేను చూస్తూనే ఉన్నాను. వాళ్ళకి రోజూ గట్టు ఎక్కే పని లేదు. కాబట్టి కురచవాళ్ళకి బరువు బండి పనికిరాదు అని ఈ కేసు నుంచి ఎవరూ తీసుకోవద్దు.

గట్టు మీద మాత్రం ఏ ప్రాక్టీసూ నిలబడలేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు. బంకమట్టి తడిస్తే కాలు దించిన చోట దిగబడుతుంది. బస్తా వెనక ఎత్తుగా కట్టడంతో బరువంతా పైకి పోతుంది. గట్టు వెడల్పు తక్కువ, బండి తిప్పుకోవాలంటే దిగి, వెనక్కి లాగి, ముందుకు తోసి తిప్పాలి. ముందు చక్రం మడ్‌గార్డులో మట్టి ఇరుక్కుంటే 195 కిలోలను ఒక్కడు లాగలేడు. ఏదో ఒక గుంట కాపలా మనిషిని పిలుచుకోవాల్సి వచ్చేది.

షాక్‌అబ్జార్బర్లు

అతను వీడియోలు చూసి, పొట్టి షాక్‌అబ్జార్బర్లు వేద్దామన్నాడు. నేను వేయనన్నాను. కారణాలు చెప్పాను. ఆ మోడల్లో ముందు ఫోర్కులు పైకి జరుపుకునే వీలు లేదు, కాబట్టి వెనక ఒక్కటే దిగుతుంది. వెనక దిగితే ముందు ఫోర్కు ఇంకా వాలుతుంది, హ్యాండిల్ నెమ్మది స్పీడులో ఇంకా బరువెక్కుతుంది. హెడ్‌లైటు పైకి లేచి ఎదుటివాళ్ళ కళ్ళలో కొడుతుంది. చైన్ టెన్షన్ మళ్ళీ చూసుకోవాలి. బస్తా కడితే టైరు మడ్‌గార్డుకి తగలొచ్చు. సెంటర్ స్టాండు వేయడానికి బండిని మామూలు కంటే ఎక్కువ ఎత్తాలి. అన్నిటికంటే ముఖ్యం సైడ్ స్టాండు: బండి కిందికి దిగుతుంది, స్టాండు పొడవు అంతే ఉంటుంది, బండి ఎడమకు వాలి నిలవకుండా దాదాపు నిటారుగా నిలబడుతుంది. చట్టం సంగతి సరేసరి. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండి మార్చకూడదు. యాక్సిడెంటు అయితే ఇన్సూరెన్సువాళ్ళు మొదట పట్టుకునేది అదే.

విన్నాడు. వేరేచోట వేయించుకున్నాడు. కోపం రాలేదు నాకు. అతని దగ్గర మిగిలిన ఆఖరి ఆశ అది.

వానల్లో ఒక తెల్లవారుజామున ఫోన్ వచ్చింది. గట్టు మీద సైడ్ స్టాండు వేసి, ఎడమ పక్క నిలబడి బస్తా తాడు విప్పబోతే, బండి కుడికి ఒరిగి గుంటలోకి జారింది. గట్టు అటు వాలి ఉంది, బండి నిటారుగా ఉంది, చేయి తగలడమే ఆలస్యం. రైతు గొడవ పెట్టుకున్నాడు. పెట్రోలు నీళ్ళలో కలిస్తే పంట పోతుందని అతని భయం. అదృష్టం, ట్యాంకు మూత గట్టిది, ఆయిల్ కారలేదు.

స్టార్ట్ చేయొద్దు, బ్యాటరీ తీగ తీసేయ్, అలాగే ఆటోలో వేసుకురా అని ఫోన్లోనే చెప్పాను. ఉప్పునీళ్ళలో పడిన బండిని ఎండేదాకా చూద్దాం అని ఉంచకూడదు. ముందు మంచినీళ్ళతో మొత్తం కడగాలి. ఎయిర్ ఫిల్టర్ తీస్తే తడి. ప్లగ్ విప్పి, టాప్ గేరులో వేసి, వెనక చక్రం చేత్తో తిప్పితే ప్లగ్ రంధ్రం నుంచి నీళ్ళు చిమ్మాయి. ఆయిల్ తీస్తే చిక్కటి టీ రంగులో వచ్చింది. కొత్తది పోయడం, కాసేపు తిప్పడం, తీసేయడం, రంగు మారేదాకా. వైరింగ్ కప్లర్లు (తీగలు కలిసే చోట్లు) ఒక్కొక్కటీ విప్పి, కడిగి, ఆరబెట్టి పెట్టాం. ఇది తొందరగా అయ్యే పని కాదు.

తేల్చింది ఏమిటి

బండి మా దగ్గరున్నన్నాళ్ళూ అతనికి పని ఆగకూడదు కదా. షెడ్డులో అమ్మకానికి పెట్టుకున్న పాత వంద సీసీ బండి ఒకటి ఉంటే ఇచ్చాను. దీన్ని ఉపకారం అని కాదు, పరీక్ష అనుకునే ఇచ్చాను. అది అతనికి చెప్పలేదు. "ఎట్లా ఉంది?" అని కూడా అడగలేదు. అడిగితే "పెద్ద బండి ముందర ఇదేం బండన్నా" అంటాడు, అనక తప్పదు.

అడగకుండా చూసినవి ఇవి. అండర్ బ్రిడ్జి దారిలోనే వస్తున్నాడు. బూటుకి వేసిన కొత్త సోలు సమంగా అరుగుతోంది. గట్టు మీద ఇరుక్కున్నానని ఒక్క ఫోను లేదు. పెట్రోలు ఖర్చు అతనే ఎత్తాడు: పెద్ద బండికి లీటరుకు ముప్ఫై, ముప్ఫై అయిదు వచ్చేది, దీనికి అరవై దాకా వస్తోంది, లీటరు వంద దాటిన రోజుల్లో నెలకు ఎంత తేడానో వేళ్ళ మీద లెక్కేసి చెప్పాడు. పెట్రోలు లెక్క అంత నమ్మకంగా చెబుతున్నాడంటే, చెప్పుకోదగిన కారణం ఒకటి దొరికిందని నాకు అర్థమైంది. కాళ్ళు అందడం లేదని ఎవరూ నలుగురిలో చెప్పుకోరు. మైలేజీ రావడం లేదని ఎవరైనా చెప్పుకోవచ్చు.

అన్న సంగతి ఆ తర్వాత బయటపెట్టాడు. డబ్బు పంపినవాడికి ఏం మొహం పెట్టుకుని చెప్పాలి, అందుకే బండి రిపేరు, బండి రిపేరు అంటూ నెట్టుకొచ్చాను అన్నాడు. నేను మాట్లాడనా అని అడిగితే వద్దన్నాడు. అదే మంచిదైంది. బయటివాడు చెబితే అది ఇంటి పరువు విషయం అవుతుంది. నేను చేసిందల్లా మా బిల్లులూ అతను దాచుకున్న వేరే బిల్లులూ వరసగా పేర్చి ఇవ్వడం. కోన్ సెట్, ప్యాడ్లు, అద్దాలు, కేబుల్, ప్లేట్లు, సీటు, షాక్‌అబ్జార్బర్లు, ఆఖర్న గుంట ఖర్చు. ఆ రాత్రి వీడియో కాల్‌లో అన్న తిట్టాడట, బండి గురించి మాత్రం కాదు. "ఈ మాట చెప్పేదానికి ఇన్నాళ్ళు పట్టిందంట్రా నీకు" అని.

అమ్మడం కూడా ఒక పనే. ముందు బండిని కంపెనీ ఇచ్చినట్టు వెనక్కి తెచ్చాం. అసలు షాక్‌అబ్జార్బర్లు ఉన్నాయి, అసలు సీటు నేను దాచిందే. వెనక్కి తిప్పుకోగలిగే మార్పులే ముందు చేయాలన్న నియమం ఇక్కడ డబ్బు తెచ్చిపెట్టింది. లోను తీర్చాక ఫైనాన్సువాళ్ళ ఎన్‌ఓసీ, ఫారం 35 ఇచ్చి ఆర్సీలో హైపోథెకేషన్ (బండి మీద అప్పు ఉందన్న నమోదు) తీయించాలి, తర్వాత పేరు మార్పుకి ఫారం 29, 30. ఈ వరస తప్పిస్తే కొన్నవాడి చేతిలో బండీ, మన పేరు మీద చలానాలూ ఉంటాయి.

కొనడానికి వచ్చినవాళ్ళకి బండి నీళ్ళలో పడిందని చెప్పాలా వద్దా అన్నదాని మీద మా మధ్య కొంచెం మాట నడిచింది. చెబితే ధర పడుతుంది అన్నాడు. పడుతుంది. కానీ ఉప్పునీళ్ళ ప్రభావం కప్లర్లలో ఆరు నెలల తర్వాత కూడా పచ్చటి చిలుముగా బయటపడొచ్చు, అప్పుడు వాళ్ళు వచ్చేది మా షెడ్డుకే. చెప్పించాను. ధర తగ్గింది. పొదలకూరు వైపు ఆయన ఒకరు తీసుకున్నారు, ఆరడుగుల మనిషి, ఎక్కువగా రోడ్డు మీద తిరిగే పని. ఆయన దగ్గర ఆ బండి మీద ఇంతవరకు కంప్లెయింటు లేదు.

కొత్తది ఎంచుకునేటప్పుడు

వంద సీసీ అంటే కుర్రాడికి నామోషీగా ఉంది. కొత్త బండి మీద పదేళ్ళు తిరగాల్సినవాడు మొదటి రోజే చిన్నబుచ్చుకుంటే అదీ కుదరని బండే అవుతుంది. 125 సీసీ దగ్గర ఒప్పందం కుదిరింది. ఈసారి షోరూంకి పోయేటప్పుడు గట్ల మీద వేసుకునే బూట్లే వేసుకోమన్నాను, 25 కిలోల బస్తా కూడా తీసుకుపొమ్మన్నాను. షోరూంవాళ్ళు నవ్వారట. బస్తా వెనక కట్టి, బయట రోడ్డు అంచున వాలులో ఎడమ కాలు దించి చూడటం. ఇంజన్ ఆపి, కూర్చునే కాళ్ళతో వెనక్కి నెట్టడం. కంకర మీద సైడ్ స్టాండు వేసి తీయడం. సెంటర్ స్టాండు ఒంటరిగా వేయడం. సన్న రోడ్డులో కాలు దించకుండా యూటర్న్. ఇందులో ఏది కుదరకపోయినా ఆ మోడల్ వదిలేయమన్నాను. మొదట మనసు పడిన మోడల్ రెండో పరీక్షలోనే పోయింది. రెండోది తీసుకున్నాడు.

తేలిక బండికి దాని ఇబ్బందులు దానికున్నాయి. సముద్రం వైపు పోయే రోడ్డులో సాయంత్రం గాలి పక్క నుంచి కొడితే ఊగుతుంది, ఆ విషయంలో పెద్ద బండే నయం అని అతనే అన్నాడు. బస్తా కడితే వెనక దిగబడుతుంది. షాక్‌అబ్జార్బర్ సెట్టింగు రెండు మెట్లు పెంచి, బస్తా కోసం సీటు కంటే కిందికి ఉండేలా పక్క క్యారియర్ బిగించాం. గాలి విషయంలో చేసేదేమీ లేదు, స్పీడు తగ్గించుకోవడమే.

ఒకటి మాత్రం ఇంకా మిగిలి ఉంది. బండి మారినా ఒంటికి పట్టిన అలవాటు మారలేదు. ఇప్పుడు రెండు పాదాలూ ఆనుతున్నాయి, అయినా సిగ్నల్ దగ్గరికి వచ్చేసరికి ఇరవై అడుగుల ముందే ఎడమకు జరుగుతాడు, ముందు బ్రేకు మీద వేలు పెట్టడు. మొన్న సర్వీసుకి వస్తే ముందు ప్యాడ్లు కొత్తవాటి మందంలోనే ఉన్నాయి, వెనక షూలు సగానికి వచ్చాయి. వచ్చే ఆదివారం మళ్ళీ లేఅవుట్‌కి రమ్మన్నాను.